పాత జిప్సీని ఆఫ్‌రోడ్‌కి సిద్ధం చేయాలంటే పని ఆర్‌సీ దగ్గర మొదలుపెట్టండి

మీ దగ్గర ఉన్నది 1999 మారుతి జిప్సీ కింగ్, సాఫ్ట్ టాప్ (పైన గుడ్డ కప్పు), కార్బురేటర్ బండి, ఆర్‌సీ రెన్యువల్ అయి 2029 దాకా ఉంది. దానికి 3 అంగుళాల లిఫ్ట్ (బండిని పైకి లేపే కిట్), 31 అంగుళాల మడ్ టైర్లు, ముందు ఇనుప బంపర్, దాని మీద వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), పైన ఎల్‌ఈడీ బార్, మారుతి ఎస్టీమ్ కారు ఇంజన్, వానల కోసం హార్డ్ టాప్ (గట్టి కప్పు) వేయించాలని ఉంది. అదే బండిలో రోజూ ఆఫీసుకి కూడా వెళ్లాలి, ఎవరైనా ఆపితే టెన్షన్ పడే పరిస్థితి రాకూడదు. ఇదీ మీ ప్రశ్న. ఈ లిస్టులో సగానికి పైగా కుదరదు, ముందే చెప్పేస్తున్నా. కానీ మీరు లిస్టులో రాయని పనులు చాలా ఉన్నాయి, బండిని గుట్ట ఎక్కించేవి నిజానికి అవే, వాటిలో చాలావాటికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

నేను 1997 జిప్సీ కింగ్ పదహారేళ్లుగా నడుపుతున్నా, సొంతంగా విప్పి బిగిస్తా. కాబట్టి చదివింది కాక చేతికి అంటిందే రాస్తున్నా.

ముందు చట్టం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇక్కడే అందరూ తలా ఒక మాట చెప్తారు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ, ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు అన్నది దాని సారాంశం. మార్పు అంటే ఏమిటో కూడా అక్కడే రాశారు: బండి నిర్మాణంలో మార్పు జరిగి దాని ప్రాథమిక స్వరూపం మారడం. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి మార్చే ఆమోదిత కిట్లకి మినహాయింపు ఉంది, వికలాంగుల కోసం చేసే మార్పులకి దారి ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చడానికి వీల్లేదని. అంతకు ముందు కొన్ని ఆఫీసుల్లో అప్లికేషన్ పెడితే బాడీ మార్పు ఎక్కించేవాళ్లు, ఆ తీర్పు తర్వాత చాలాచోట్ల ఆపేశారు. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ కూడా చేరింది. అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అన్న మాట గమనించండి. మీ లిస్టులో ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

కానీ నేను భయపడేది చలానా గురించి కాదు. బండి ఎవరికైనా తగిలి మనిషికి దెబ్బ తగిలిన రోజు, ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ఇంజన్ నంబర్ చూసి, టైర్లు చూసి, బంపర్ చూసి ఫోటోలు తీసుకుంటాడు. వాళ్లకి చెప్పకుండా చేసిన మార్పులుంటే మీ సొంత బండి క్లెయిమ్ అక్కడితో ఆగిపోవచ్చు. అవతలి వాళ్లకి కట్టిన పరిహారాన్ని కూడా తిరిగి మీ దగ్గర రాబట్టుకోవడానికి ప్రయత్నించొచ్చు. రోజూ ఆఫీసుకి తిప్పే బండి అన్నారు కదా, అంటే ఏడాదికి వేల కిలోమీటర్లు జనం మధ్యలో. అందుకే నా పద్ధతి ఒక్కటే: ఆర్‌సీ కార్డులో రాసి ఉన్న బండీ, రోడ్డు మీద నిలబడ్డ బండీ ఒకటే అయి ఉండాలి. ఏ పార్టు కొనే ముందైనా ఆ కార్డు పక్కన పెట్టుకుని చూడండి.

ఇంజన్ సంగతి. ఎస్టీమ్ ఇంజన్ కూడా 1298 సీసీయే, అదే పెట్రోలు, అదే కుటుంబం, సులువుగా కూర్చుంటుంది, ఎవరికి తెలుస్తుంది అని మీకు ఎవరో చెప్పి ఉంటారు. కూర్చుంటుంది, నిజమే. కానీ ఆర్‌సీలో ఇంజన్ నంబర్ ఉంది. రెన్యువల్‌కి వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బోనెట్ ఎత్తి చూసేది దాన్నే. మీ ఇంజన్ పూర్తిగా పోయిందనుకోండి, అదే రకం ఇంజన్ దొరికితే, దాని బిల్లు, అది ఏ బండిలోంచి వచ్చిందో ఆ కాగితాలు పెట్టుకుని ముందు అప్లై చేసి, పర్మిషన్ చేతికొచ్చాకే బిగించాలి. బిగించేసి తర్వాత చూద్దాం అంటే ఆ "తర్వాత" ఎప్పటికీ రాదు. అసలు మీ ఇంజన్‌కి కంప్రెషన్ టెస్ట్ చేయించారా? ఆ వయసు బండ్లలో పవర్ లేదనిపించడానికి సగం కారణం అరిగిన కార్బురేటరూ, గాలి లాగుతున్న మానిఫోల్డ్ గాస్కెట్టూ, సాగిపోయిన క్లచ్ కేబులూనే. నా బండి వాల్వులు గ్రైండ్ చేయించి, కార్బురేటర్ కిట్ మార్చి, టైమింగ్ సరిచేశాక అంతకు ముందు రెండో గేర్‌లో ఎక్కిన ఘాట్ మూడో గేర్‌లో ఎక్కింది. కాలుష్యం పరీక్షలో కూడా తేడా కనపడింది. మన కాలం బండ్లకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం లోపు ఉండాలి, మిక్స్చర్ సరిగ్గా ఉన్న జిప్సీ ఆ లోపలే ఉంటుంది.

ఇక టైర్లు, లిఫ్ట్. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే డబ్బు ఎక్కువ తగలబడేది ఇక్కడే.

జిప్సీ కింగ్‌కి రేడియల్‌లో 205/70 ఆర్15 సైజు వాడతాం. దాని ఎత్తు లెక్కేస్తే దాదాపు 668 మిల్లీమీటర్లు. 31 అంగుళాల టైర్ అంటే 787. అంటే 18 శాతం పెద్దది. ఆ 18 శాతం మీ గేర్లన్నిటి మీదా పడుతుంది. ఫస్ట్ గేర్ 3.652, ట్రాన్స్‌ఫర్ కేస్ (నాలుగు చక్రాలకీ బలం పంచే గేర్ పెట్టె) లో-గేర్ రేషియో 2.268, క్రౌన్ (యాక్సిల్ మధ్యలో ఉండే గేరు) 3.909. మూడూ గుణిస్తే 32కి కాస్త పైన. రాళ్ల మీద బండి పాకేది ఈ అంకె వల్లే. 31 టైర్ వేసేసరికి అది 27న్నరకి పడిపోయినట్టే. గుట్ట ఎక్కడానికని వేసిన టైర్ గుట్ట ఎక్కే బలాన్నే తినేస్తుంది. రోడ్డు మీద ఐదో గేర్ ఇక పేరుకే. పైగా ఆ బరువైన టైర్‌ని ఆపాల్సింది అదే పాత బ్రేకులు, తిప్పాల్సింది అదే సన్నటి యాక్సిల్ షాఫ్టులు. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే మీరు నిజానికి 94లో ఉంటారు. స్కూలు పిల్లలు దాటే రోడ్డు మీద ఆ తేడా చిన్నది కాదు.

దానికి బదులు 215/75 ఆర్15 చూడండి. ఎత్తు దాదాపు 703, అంటే తేడా 5 శాతమే. మీటర్ 80 చూపిస్తే అసలు స్పీడు 84. మామూలు రిమ్‌లోనే కూర్చుంటుంది, మడ్‌గార్డ్ దాటి బయటికి రాదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పినా చాలా బండ్లలో ఎక్కడా రాసుకోదు. మీ బండిలో మాత్రం బిగించి ఒకసారి తిప్పి చూసుకోవాలి. ఇది కూడా కంపెనీ సైజు కాదు, ఆ మాట దాచను. కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి, పాత టైర్లు అమ్మేయకండి, రెన్యువల్‌కి వాటితోనే వెళ్లండి. పూర్తిగా నిశ్చింతగా ఉండాలంటే 205/70 లోనే మంచి ఆల్ టెరైన్ తీసుకోండి. బయటికి పొడుచుకొచ్చే వెడల్పు రిమ్ములు, వీల్ స్పేసర్లు మాత్రం వద్దు. అవి చూడగానే కనపడతాయి, పైగా హబ్ బేరింగుల మీద లోడ్ పెంచుతాయి.

లిఫ్ట్ గురించి చాలామందికి ఉన్న అపోహ ఏమిటంటే, లిఫ్ట్ చేస్తే గ్రౌండ్ క్లియరెన్స్ పెరుగుతుందని. జిప్సీలో అడుగున అన్నిటికంటే కిందికి ఉండేది హౌసింగ్, అంటే యాక్సిల్ షాఫ్టుల్ని కప్పి ఉండే ఇనుప గొట్టం. లిఫ్ట్ కిట్ చాసిస్‌ని పైకి లేపుతుంది కానీ హౌసింగ్‌ని లేపదు, అది నేల నుంచి అంతే ఎత్తులో ఉంటుంది. హౌసింగ్ లేవాలంటే టైర్ ఒక్కటే మార్గం, అదీ పెరిగిన ఎత్తులో సగమే. 3 అంగుళాల లిఫ్ట్‌తో మీకు మిగిలేది పెద్ద టైర్‌కి చోటు, దాంతో పాటు 1.3 మీటర్ల ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) మీద ఇంకా పైకెళ్లిన బరువు. ఈ బండి ఇరుకు, పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ. వాన రోడ్డు మీద ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ మూడు అంగుళాలు ఏం చేస్తాయో నేను పక్క బండిలోంచి కళ్లారా చూశాను. అందులో ఉన్నవాళ్లు బతికి బయటపడ్డారు, ఒకరి భుజం మాత్రం ఇప్పటికీ పూర్తిగా లేవదు.

చవకగా అయిపోతుందని పొడుగు షాకిళ్లు వేయించుకునేవాళ్లు కూడా ఉన్నారు. షాకిల్ అంటే కమాన్ కట్టని (పట్టీల స్ప్రింగుని) చాసిస్‌కి వేలాడదీసే ముక్క. ముందు కమాన్ కట్టకి పొడుగు షాకిల్ వేస్తే హౌసింగ్ ముందుకి తిరుగుతుంది, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది. ఫలితంగా హైవే మీద బండి ఒక గీత మీద పోదు, మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ఇవన్నీ చూశాక కూడా ఆ పని చేయించమని నేనైతే ఎవరికీ చెప్పను.

మరి ఏం చేయాలి అంటారా? మీ కమాన్ కట్టల వయసు పాతికేళ్లు దాటింది. అవి ఇప్పటికే కూర్చుని ఉంటాయి. కొత్త కట్టలు, స్టాక్ కొలతలవే, వేయించండి. చాలా బండ్లలో కూర్చున్న ఎత్తు అంగుళం దాకా తిరిగి వస్తుంది, అది లిఫ్ట్ కాదు, కంపెనీ ఇచ్చిన ఎత్తే. దాంతో పాటు షాకిల్ బుష్‌లు, యు బోల్టులు (కట్టని హౌసింగ్‌కి బిగించేవి) కొత్తవి, నాలుగు మంచి షాకప్‌లు. పాత యు బోల్టుని మళ్లీ బిగించొద్దు, ఒకసారి సాగిన బోల్టు పట్టు నిలవదు. వేసిన 500 కిలోమీటర్లకి ఒకసారి అన్నీ తిరిగి టైట్ చేయించండి. ఏ మార్పు చేసినా తప్పనిసరిగా చేయాల్సిన పరీక్ష ఒకటుంది: చాసిస్ కింద జాకీ పెట్టి, చక్రం గాల్లో పూర్తిగా వేలాడేదాకా ఎత్తండి. అప్పుడు బ్రేక్ రబ్బర్ పైపు చూడండి. అందులో ఇంకా ఒంపు ఉండాలి. వేలితో నొక్కితే తీగలా బిగుసుకుని ఉంటే, ఏదో ఒక రోజు గుంటలో చక్రం వేలాడినప్పుడు అది ఊడుతుంది. స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి కూడా చూడాలి.

ముందు హౌసింగ్ చివర్లలో, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే చోట ఉండే కింగ్ పిన్ బేరింగుల గురించి ఎవరూ ముందుగా చెప్పరు. నేను కొత్త టైర్లు వేయించిన వారానికి సరిగ్గా 60 దగ్గర స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోయేంతగా వణకడం మొదలుపెట్టింది. బ్యాలెన్సింగ్ మూడుసార్లు చేయించా. అలైన్‌మెంట్ చేయించా. ఒక వర్క్‌షాప్‌లో స్టీరింగ్ బాక్స్ మార్చాలన్నారు, మార్చాం, ఆ డబ్బు పోయింది, వణుకు పోలేదు. చివరికి నేనే ముందు చక్రం ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ టక్ అని ఆడింది. హబ్ బేరింగ్ అనుకున్నా. మా అబ్బాయిని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపా, బ్రేక్ పడితే హబ్ ఆడదు కదా, అయినా టక్ మంది. అప్పుడు విప్పితే కింద కింగ్ పిన్ బేరింగ్ రోలర్లు దాని గిన్నెలో గుంటలు పెట్టేశాయి, గోరు ఆడిస్తే తగిలేంత లోతు. ఆ చోటుని మూసి ఉంచే నకిల్ సీల్ పోయి గ్రీజులో బురద చేరడం వల్ల వచ్చిన జబ్బు అది. నాలుగు బేరింగులు, రెండు సీళ్లు మార్చి, షిమ్‌లతో (పల్చటి రేకు ముక్కలతో) సరైన బిగువు పెట్టాక ఇప్పటిదాకా వణకలేదు. మీరు టైర్లకి డబ్బు పెట్టే ముందే ఈ పని చేయించండి.

అసలు బండిని బురదలోంచి బయటికి తెచ్చేవి ఇంకా చిన్నవి. గాలి తగ్గించడం. మామూలుగా 26 పీఎస్ఐ ఉంచే టైర్‌ని ఇసుకలో 16కి దించితే, టన్ను బరువున్న ఈ బండి ఖరీదైన మడ్ టైర్ ఉన్న బరువైన బండ్ల కంటే హాయిగా నడుస్తుంది. అందుకే మంచి ప్రెషర్ గేజ్, 12 వోల్ట్ కంప్రెసర్ ఎప్పుడూ బండిలో ఉంచుకోండి, తారు రోడ్డు ఎక్కే ముందు తిరిగి నింపడం మరచిపోవద్దు. రెండోది బ్రీదర్ పైపులు, అంటే హౌసింగ్ గాలి పీల్చుకునే రంధ్రాలకి తగిలించేవి. వాగులో దిగినప్పుడు వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడి, పైనున్న చిన్న బ్రీదర్ గుండా నీళ్లు లోపలికి లాగుతుంది. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో వస్తుంది. రెండు హౌసింగులకీ, గేర్‌బాక్స్‌కీ, ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ రబ్బర్ పైపు తగిలించి బోనెట్ కింద పైకి కట్టేస్తే ఆ బాధ ఉండదు, ఖర్చు వందల్లోనే. మూడోది, చాసిస్‌కి నేరుగా బోల్టు చేసే లాగుడు హుక్కులు, ముందు రెండు, వెనక రెండు. లాగే పట్టీని బంపర్‌కీ, టో బాల్‌కీ తగిలించి లాగకండి. అది ఊడి వచ్చిందంటే తుపాకీ గుండుతో సమానం.

ఇనుప బంపర్, వించ్ విషయంలో పెద్దగా చర్చ లేదు. బుల్ బార్లు, క్రాష్ గార్డులు 52వ సెక్షన్‌కి విరుద్ధమని, వాటి మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. కారణం కూడా సబబే, మనిషికి తగిలినప్పుడు ఆ ఇనుము ఏమాత్రం లొంగదు. చేత్తో తిప్పే హ్యాండ్ వించ్ ఒకటి వెనక సీటు కింద పెట్టుకోండి, చెమట పట్టినా పని అవుతుంది, ముక్కు మీద బరువూ పడదు. ఎల్‌ఈడీ బార్ కూడా అంతే. స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు ముందు పెట్టకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 111వ నియమం ఉంది. కవర్ వేస్తే సరిపోతుంది అనేవాళ్ల మాట నమ్మకండి. రాత్రి వెలుగు తక్కువైతే హెడ్‌లైట్లకి రిలే (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే చిన్న స్విచ్) పెట్టి మందం వైరు లాగించండి. పాత జిప్సీలో కరెంటు మొత్తం స్విచ్ గుండా తిరిగి వచ్చేసరికి బల్బు దగ్గర వోల్టేజ్ పడిపోయి ఉంటుంది. అదే బల్బు, అదే వాటేజ్, వెలుగులో తేడా మాత్రం మీకే తెలుస్తుంది.

హార్డ్ టాప్. మీ ఆర్‌సీలో బాడీ టైప్ ఏమని ఉందో చూడండి. సాఫ్ట్ టాప్ అని ఉంటే, కంపెనీ హార్డ్ టాప్ కూడా అమ్మింది కదా అని మీకు మీరే బిగించుకోకండి. మీ ఆర్టీఓ ఆఫీసులో కంపెనీ మోడల్ వివరాలు చూపించి రాతపూర్వకంగా అడగండి. ఎక్కిస్తామంటే సరే, కాదంటే మంచి కాన్వాస్ కొత్తది కుట్టించుకోండి, జిప్‌లు బాగుంటే వానకి తట్టుకుంటుంది. రోల్ కేజ్ (బండి పల్టీ కొడితే కాపాడే ఇనుప గొట్టాల చట్రం) అడగలేదు కానీ ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా: హెల్మెట్ లేకుండా రోజూ నడిపే బండిలో తల పక్కనే ఇనుప గొట్టం ఉంటే, చిన్న ప్రమాదంలో కూడా దెబ్బ దాని వల్లే తగులుతుంది. ముందు మంచి సీట్ బెల్టులు మార్చండి, అవి బిగించే చోట ఫ్లోర్ తుప్పు పట్టలేదని చూసుకోండి.

తుప్పు అన్నాం కాబట్టి చివరగా 2029లో రాబోయే ఆర్‌సీ రెన్యువల్ సంగతి. వెనక కమాన్ హ్యాంగర్ల దగ్గర చాసిస్‌ని చిన్న సుత్తితో తట్టండి. గట్టి శబ్దం రావాలి, బోలుగా వచ్చిందంటే లోపల తినేసింది. రిపేర్ చేయించేటప్పుడు వెల్డర్‌కి చాసిస్ నంబర్ ఉన్న చోటు ముందే చూపించి, సుద్దతో గీత గీసి, అక్కడ గ్రైండర్ పెట్టొద్దని చెప్పండి. ఒక రెన్యువల్‌లో నన్ను వెనక్కి పంపింది మార్పుల వల్ల కాదు, దళసరిగా కొట్టిన అండర్ కోటింగ్ వల్ల పెన్సిల్ ప్రింట్‌లో (చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చులో) రెండు అంకెలు రాలేదు. కిరోసిన్, మెత్తటి బ్రష్‌తో రెండు గంటలు కూర్చుని తీశాక వచ్చాయి. ఇప్పుడు అక్కడ పెయింట్ లేకుండా గ్రీజు పూసి ఉంచుతాను. నంబర్ నిజంగానే తుప్పుకి పోయి ఉంటే సొంతంగా పంచ్ కొట్టించొద్దు, అది పెద్ద నేరం కింద చూస్తారు, అప్లికేషన్ పెట్టుకుని వాళ్ల పర్మిషన్‌తోనే చేయించుకోవాలి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. బండిని చదునైన చోట నిలిపి, టైర్లలో గాలి సమానంగా పెట్టి, హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు వైపులా టేప్‌తో కొలవండి. డ్రైవర్ వైపు వెనక మిగతావాటి కంటే తక్కువ వస్తుందని నా అంచనా. ఆ నాలుగు అంకెలు, కమాన్ కట్టల ఫోటోలు, ఆర్‌సీలో బాడీ టైప్ ఏమని రాసి ఉందో అదీ పెట్టండి. ఏ కమాన్ కట్ట మార్చాలో అవి చూసి చెప్తాను.